మధిర మిర్చి పైసలు జూన్ దాకా ఎందుకు ఆగవు?



మీలో కొందరు ఇది మధిర చుట్టుపక్కల ఏదో మిరపతోట గట్టున, బరకం కప్పిన పాకలో కూర్చుని చదువుతుంటారు. ఇంకొందరు కోతలైపోయి గూడెం చేరి ఉంటారు. ఎక్కడున్నా సరే, ఒక్క ప్రశ్న. పోయిన ఏడాది మిర్చి ఏరి తెచ్చిన డబ్బు ఏ తారీఖుకి అయిపోయిందో మీకు గుర్తుందా?

మా ఇంట్లో అయితే గుర్తే. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ నన్ను వెంటేసుకుని మధిర పక్క ఊరికి కోతకు వచ్చింది. రెండు నెలలున్నాం. చేతులు మంటెక్కి రాత్రి నిద్రపట్టేది కాదు, కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లం. ఉగాది దాటినాక ట్రాలీ ఆటోలో గూడేనికి తిరిగొచ్చినం. అమ్మ కొంగున మూట. ఆ ఏప్రిల్‌లో మేం ఉన్నోళ్లం. మేనమామ ఇంట్లో పెళ్లికి చదివింపులు పెట్టినం, నాకు కొత్త చొక్కా, ఇంటికి కొత్త రేకులు. మేలో తునికాకు పైసలు కూడా తోడయినయి. జూన్‌లో బడి తెరిచినారు, వాన పడ్డది, విత్తనాలకు షావుకారు దగ్గరికి పోయింది అమ్మ. జూలైలో చెల్లికి మలేరియా వచ్చింది, మళ్లీ పోయింది. మూట కట్టుకుని వచ్చి నూరు రోజులు కాలేదు, మేం మళ్లీ అప్పులోళ్లం.

చాలా ఏళ్లు నేను ఇది మా అమ్మ తప్పనుకున్నా. చదువుకున్నాక అందరం చేసే పనే కదా, మన పెద్దోళ్లకు లెక్క తెల్వదని తీర్మానించడం. కానీ మా అమ్మకు లెక్క బాగా తెలుసు. ఏరిన ప్రతి బస్తా, మేస్త్రీ ఎగ్గొట్టిన ప్రతి రూపాయి నోటితో చెప్పేది. డబ్బు వచ్చిన నెలకీ, డబ్బు కావాల్సిన నెలకీ మధ్య దాన్ని దాచే చోటు మాత్రం లేదు ఆమెకు.

ఈమధ్య ఆర్థిక అక్షరాస్యత అని గూడేలకు సార్లు వస్తున్నారు. మంచిదే, రానీయండి. కానీ వాళ్లు చెప్పేది నెల జీతం లెక్క. జీతంలో సగం ఇంటికి, ఇంత సరదాకి, ఇంత పొదుపుకి అంటారు. ఒక సారు ఓటీటీ ఖర్చు తగ్గించుకోమన్నాడు. మాకు సిగ్నలే చెట్టెక్కితే వస్తది సారూ! మన డబ్బు నెలనెలా రాదు. పత్తి తీత, వరి కోత చలికాలంలో. మిర్చి ఏరుడు జనవరి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఇప్పపువ్వు, చింతపండు ఎండలు ముదిరేటప్పుడు. తునికాకు ఏప్రిల్ చివర, మే నెల. ఆ తర్వాత జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు ఏమీ రాదు, ఖర్చులన్నీ అప్పుడే వస్తయి. విత్తనం, ఎరువు, బడి, జ్వరం, ఇంటి కప్పు. ఈ నాలుగు నెలల్లోనే మనల్ని అప్పు పట్టుకుంటది. కాబట్టి మన ప్రణాళిక నెలకు కాదు, ఏడాదికి వేసుకోవాలి. అది కూడా ఏప్రిల్, మేలోనే, చేతిలో డబ్బు ఉన్నప్పుడే.

ఒక ఇంటి లెక్క వేద్దాం. ఇది ఊహాలెక్క, మీ అంకెలు మీరు వేసుకోండి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మధిర పోయి, తిండి ఖర్చు పోను 36,000 తెచ్చినారు. తునికాకు మీద ఇంకో 12,000. మొత్తం 48,000. వానాకాలం నాలుగు నెలలకు ఇంటి ఖర్చు నెలకు 6,000 చొప్పున 24,000. విత్తనం, దుక్కి 8,000. పిల్లల బడికి 3,000. అంటే 35,000 అప్పటికే ఖర్చయిపోయిన డబ్బు. మన చేతిలో ఉంది కాబట్టి మనదిలాగా కనిపిస్తది, అంతే. నిజంగా మన ఇష్టానికి ఉన్నది 13,000. పెళ్లి చదివింపులు, ఫోను, బండి ముందు కిస్తీ, అన్నీ ఆ 13,000 లోనే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. మన ఇళ్లల్లో విత్తనం గింజలు వేరే మూటకట్టి అటక మీద పెడతారు. ఆకలైనా ఆ మూట విప్పరు. విప్పితే మరుసటి ఏడు లేనట్టే. డబ్బులో కూడా ఒక విత్తనం మూట పెట్టుకోమంటున్నా, అంతే.

ఆ మూట ఎక్కడ పెట్టాలి? ఇంట్లో పెడితే ఆగదు. తాగుడు వల్లనే అని బయటోళ్లు ఊరికే అంటుంటారు. కొన్ని ఇళ్లల్లో అది నిజమే, దాచను. కానీ ఎక్కువ ఇళ్లల్లో జరిగేది వేరు. తమ్ముడు వచ్చి ఆసుపత్రికి కావాలంటాడు, ఇంట్లో డబ్బు పెట్టుకుని లేదని మనం చెప్పలేం. అది మన మంచితనం, దాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. డబ్బు చేతికి అందకుండా పెట్టుకుంటే, లేదని చెప్పినా అది అబద్ధం కాదు. బ్యాంకులో సేవింగ్స్ ఖాతా ఉంటే, ఆ 35,000 ని నాలుగు ముక్కలు చేసి నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేయమనండి. ఒకటి జూన్ మొదట్లో, ఒకటి జూలైలో, ఆగస్టులో, సెప్టెంబర్‌లో చేతికొచ్చేటట్టు. విత్తనం, బడి ఖర్చు జూన్‌లోనే కాబట్టి జూన్ ముక్క పెద్దది. మూడు, నాలుగు నెలల డిపాజిట్ మీద వడ్డీ ఏమంత ఉండదు. మనకు కావాల్సింది వడ్డీ కాదు, తాళం. డ్వాక్రా సంఘం ఉన్న అక్కలు పొదుపు పెంచుకుని జూన్‌లో అంతర్గత అప్పు తీసుకునేటట్టు సంఘంలో మాట్లాడుకోవచ్చు, అది ఇంకా సులువు.

బ్యాంకు అనంగానే ఒక మాట. ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో చాలామందికి ఉన్న పాత ఏపీజీవీబీ ఖాతాలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయినయి. పాత పాస్‌బుక్కే పెట్టెలో పెట్టుకుని ఉన్నవాళ్లు బ్యాంకుకు ఒకసారి పోయి రండి. రెండేళ్లు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా పనిచేయదు. పోడు పట్టా మీద రైతు భరోసా, తునికాకు బోనస్, ఉపాధి కూలి, అన్నీ ఖాతాకే వస్తున్నప్పుడు ఆ ఖాతా పడుకుంటే మనకే నష్టం.

ఇప్పుడు అసలు విషయం, షావుకారు దగ్గర అప్పు. జూన్‌లో 20,000 తీసుకున్నాం అనుకోండి, నూటికి మూడు రూపాయలు. ఫిబ్రవరిలో తీరుస్తాం. తొమ్మిది నెలలకు వడ్డీ 5,400. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియంది ఏందంటే, అప్పు ఇచ్చినోడికే పత్తి అమ్మాలి. బయట ధరకన్నా క్వింటాకు 300 తగ్గిస్తాడు. 12 క్వింటాళ్లకు 3,600. మద్దతు ధరకు సీసీఐ కేంద్రంలో అమ్ముకునే దారి మూసుకుపోయింది. రెండూ కలిపితే 20,000 కు తొమ్మిది నెలల్లో 9,000. ఏడాదికి లెక్కగడితే నూటికి 60. గింజల అప్పు దీనికన్నా ఘోరం. నాగుకు తెచ్చుకున్న బస్తాకు ఐదు నెలల్లో బస్తాన్నర కొలిస్తే, ఏడాది లెక్కన అది నూటికి 120.

అదే 20,000 పంటరుణంగా కిసాన్ క్రెడిట్ కార్డు మీద వస్తే ఏడు శాతం, టైముకు కడితే నాలుగు శాతం. తొమ్మిది నెలలకు 600 రూపాయలు. తొమ్మిది వేలెక్కడ, ఆరు వందలెక్కడ?

“మాకు బ్యాంకోళ్లు ఇయ్యరన్నా, పోడు పట్టా తాకట్టు పనికిరాదంటరు” అంటారు మీరు. సగం నిజం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం ఆ హక్కు వారసత్వంగా వస్తది గానీ అమ్మడానికి, బదలాయించడానికి లేదు. అది మనకోసం పెట్టిన కంచె, దాన్ని తీసేయమని మనలో ఎవరూ అడగొద్దు. కానీ పంటరుణానికి భూమి తాకట్టే అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకు తాకట్టు అడగొద్దని చెప్పింది. అంతకుముందు ఆ పరిమితి 1.6 లక్షలు. మేనేజర్ కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఒక్కడే పోతే కూర్చోబెడతారు. గూడెం నుంచి పదిమంది కలిసి దరఖాస్తులు పట్టుకుని పోతే మాట వేరే ఉంటది. అదే సెక్షన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్లయినోళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలి. మీ ఇంట్లో పట్టా తీసి చూడండి, అమ్మ పేరు ఉందా?

ఇక్కడ కొందరు ఉద్యమ మిత్రులకు విసుగు రావచ్చు. పొదుపు, వడ్డీ, బీమా ఇవన్నీ ఇంటి విషయాలు, హక్కుల పేజీలో ఎందుకని. పోయిన వానాకాలం ఒక మీటింగ్‌లో నన్ను నేరుగానే అడిగిండు ఒకన్న. నేనప్పుడు సరిగా చెప్పలేకపోయిన, ఇప్పుడు చెప్తున్నా.

1879లో రంప తిరుగుబాటు ఎందుకొచ్చింది? చిగురు పన్ను ఒక కారణం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి కొండోళ్ల పశువులు, సొత్తు పట్టుకుపోవడం ఇంకో కారణం. ఆ మంట మన భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా వచ్చింది. ఆ భయం పోకనే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చింది. ఆ చట్టం పేరు చూడండి, వడ్డీనీ భూమినీ ఒక్క కాగితం మీద పెట్టినారు. ఏడాదికి 24 శాతం మించి వడ్డీ వద్దు, చక్రవడ్డీ వద్దు, వడ్డీ అసలును దాటొద్దు అన్నారు. భూమి పోయేది అప్పు తలుపులోంచే అని తెల్లదొరకు కూడా అర్థమైంది. తర్వాత వచ్చినవి మనకు తెలిసినవే: 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిపరిచిన 1/70. వీటి పక్కనే 1960లో ఏజెన్సీ వడ్డీవ్యాపారుల రెగ్యులేషన్, 1970లో గిరిజన రుణ విమోచన రెగ్యులేషన్ ఉన్నయి. మనం 1/70 పేరు మీద సభలు పెడతాం, మిగతా రెండింటి పేర్లు మన పిల్లలకు తెలియవు. షెడ్యూల్డ్ ప్రాంతంలో లైసెన్స్ లేకుండా వడ్డీవ్యాపారం చేయడానికి లేదు. మీ సంతలో అప్పులిచ్చేటాయనకు లైసెన్స్ ఉందా అని ఐటీడీఏలో ఎప్పుడన్నా అడిగినమా? నేను కూడా అడగలేదు, ఒప్పుకుంటున్నా.

అయితే ఈ రక్షణ ఏజెన్సీ గీత దాకానే. మధిర షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఆటో దిగి మైదానంలో కాలు పెట్టినాక 1960 రెగ్యులేషన్ మన వెంట రాదు. అక్కడ కిరాణం కొట్లో ఖాతా, మేస్త్రీ ఇచ్చే అడ్వాన్స్, చేతి బదులు, అన్నీ మామూలు చట్టం కిందికే. మనవెంట వచ్చే చట్టం మాత్రం ఒకటుంది, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం. అడ్వాన్స్ తీసుకున్నావు కాబట్టి తీరేదాకా కదలొద్దు, వేరే తోటకు పోవద్దు అని ఎవరన్నా ఆపితే అది వెట్టి కిందికే వస్తది, దేశంలో ఎక్కడైనా నేరం. అట్లాంటప్పుడు తహసీల్దారుకో, కలెక్టరుకో ఫిర్యాదు చేయొచ్చు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే గొత్తికోయ చుట్టాలకు ఇది ముందు చెప్పండి. వాళ్లకు తెలుగు కూడా సరిగా రాదు, ఎక్కువ మోసపోయేది వాళ్లే.

మిర్చి సొంతంగా వేసిన తమ్ముళ్లకు ఒక మాట. 2017 ఏప్రిల్‌లో ఖమ్మం మార్కెట్‌లో ఏం జరిగిందో మర్చిపోలేదు కదా. అంతకుముందు ఏడు పన్నెండు వేల దాకా పలికిన క్వింటా మూడు, నాలుగు వేలకు పడిపోయింది. కడుపు మండిన రైతులు గొడవచేస్తే పదిమందిని అరెస్టు చేసి, మేలో చేతులకు బేడీలేసి కోర్టుకు తీసుకొచ్చారు. వాళ్లది న్యాయమైన కోపమే. కానీ పోయిన ఏటి ధర చూసి ఈ ఏటి అప్పు చేయడం అనే జూదం ఇంకా ఆగలేదు. మిర్చికి ఎకరానికి పెట్టుబడి పత్తికన్నా ఎంతో ఎక్కువ. ఉన్న రెండెకరాలూ కౌలు, అప్పు కలిపి మిర్చే వేస్తే ఒక్క మార్కెట్ రోజు మన నాలుగేళ్లు తినేస్తది. అర ఎకరమన్నా జొన్నో, వరో తిండికి ఉంచండి. అది పాతకాలపు ఆలోచనని అనిపించొచ్చు. నాకైతే అది అన్నిటికన్నా చవకైన బీమా.

బీమా మాట వచ్చింది కాబట్టి మే నెల తారీఖు ఒకటి రాసుకోండి, 31. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల మధ్యలో చేరాలి, ఎట్ల పోయినా కుటుంబానికి 2 లక్షలు. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ల దాకా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. రెండిటి ఏడాదీ జూన్ 1న మొదలై మే 31న అయిపోతది. ఆ రోజుల్లో ఖాతాలో 456 రూపాయలు లేకపోతే ఆగిపోతది, మనకెవరూ చెప్పరు. తునికాకు డబ్బులు చేతికొచ్చేది కూడా అప్పుడే, అందులో అంత మాత్రం ఖాతాలో వేయండి. చెట్టు మీంచి పడటం, పాము, ట్రాలీ బోల్తా, మన చావులు ఎక్కువ ఇట్లాంటివే. బతికున్నప్పుడు కూలి దొరకని మనిషి ఇంటికి, పోయినాక వచ్చే ఆ 2 లక్షలు పిల్లల చదువు ఆగకుండా చేస్తయి. ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడు ఈ రెండు బీమాలు ఉన్నాయా అని పాస్‌బుక్‌లో చూడండి. కట్టి కూడా అడగని ఇళ్లు ఉన్నయి.

గ్రూపు లోన్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మధిర అవతలి గట్టునే దీని కథ మొదలైంది. 2006లో కృష్ణా జిల్లా అధికారులు వేధింపుల ఫిర్యాదుల మీద మైక్రోఫైనాన్స్ శాఖలు యాభై దాకా మూయించారు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేసింది. 2023 ఫిబ్రవరిలో ఆ చట్టం రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు వర్తించదని తెలంగాణ హైకోర్టు చెప్పింది. అందుకే మళ్లీ బైకుల మీద వస్తున్నారు, గూడెంలో చాప వేసుకుని ఫోటోలు తీస్తున్నారు. వద్దనడం నా పని కాదు, ఆసుపత్రి పడ్డప్పుడు అదొక్కటే దొరకొచ్చు. కానీ 2022 నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నియమాలు తెలుసుకుని తీసుకోండి. అన్ని అప్పుల కిస్తీలు కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటొద్దు. తాకట్టు అడగొద్దు. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. వడ్డీ ఎంత, ఫీజు ఎంత, మొత్తం ఎంత కడతామో మనకు అర్థమయ్యే భాషలో కాగితం ఇయ్యాలి. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయొద్దు. వినకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదు నంబర్ 14448. ఒక్క చిక్కు మాత్రం మిగిలే ఉంటది. కిస్తీ వారంవారం, నెలనెలా, మన డబ్బేమో ఏడాదికి రెండు మూడుసార్లు. ఆగస్టులో కిస్తీ దేంతో కడతావో ముందు చెప్పగలిగితేనే సంతకం పెట్టు.

ఇక ఫోన్. ఇది మా అమ్మ తరానికి లేని గొయ్యి. అయిదు నిమిషాల్లో అయిదు వేలు ఇచ్చే యాప్‌లు మన కాంటాక్ట్ నంబర్లన్నీ పట్టుకుంటయి, తర్వాత ఆడపిల్లల ఫోటోలు మార్చి చుట్టాలకు పంపుతరు. పందాల యాప్‌లు తెలంగాణలో 2017లోనే నిషేధించినా ఆడుతున్నారు, మధిర కూలి డబ్బులు తోటలోనే పోగొట్టుకుని ఇంటికి మొహం చూపలేని పిల్లగాణ్ణి నేను చూసిన. సిగ్గుపడి దాచొద్దు. మోసపోయిన గంటలోపే 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే వీలుంది. రోజులు గడిస్తే కష్టం. ఏజెంటు మీ ఊరి మనిషే అని నమ్మి డబ్బు కట్టకండి. అగ్రిగోల్డ్‌లో కూడా ఏజెంట్లు మన ఊళ్లోళ్లే, వాళ్లు కూడా మునిగిపోయినోళ్లే.

పండుగ ఖర్చు తగ్గించమని నేను అనను. మేడారం పోకుండా ఉండేవాళ్లం కాదు, బంగారం తూచకుండా వచ్చేవాళ్లం కాదు. కానీ జాతర రెండేళ్లకోసారి వస్తదని అందరికీ తెలుసు. తెలిసిన ఖర్చుకు అప్పు చేయడం ఎందుకు? ఒక జాతర అయిపోయిన నెల నుంచి వచ్చే జాతరకు సంఘంలో వేరే డబ్బా పెట్టుకోవచ్చు. మా గూడెంలో అక్కలు ఇట్లా మొదలుపెట్టినారు, మొదట్లో మొగోళ్లు నవ్వినారు.

నేను చెప్పినవన్నీ చేసినా మనం ధనవంతులం కాము. కూలి రేటు తక్కువ, పోడు మీద ఫారెస్టోళ్ల కేసులు ఉన్నయి, మైదానంలో ఆసుపత్రి బిల్లు మన ఏడాది సంపాదన మింగుతది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు అయినా, అది లేని ఆసుపత్రికే ఆటో డ్రైవర్ తీసుకుపోతడు. వాటి మీద కొట్లాట ఆగదు. కానీ జూలైలో షావుకారు గడప ఎక్కాల్సినోడు ఆగస్టులో గ్రామసభలో ఆయన ముందు నోరు తెరవలేడు. నేను అట్లాంటి గ్రామసభల్లో కూర్చున్నా. చేతులు ఎత్తాల్సిన చోట మనోళ్లు కింద చూస్తరు.

మధిరలో ఇంకా కోతల్లో ఉన్నవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. వంద కాగితాల నోటుబుక్కు ఒకటి కొనండి. ఏ రోజు ఎవరి తోట, ఎన్ని కిలోలు లేదా ఎంత కూలి, అడ్వాన్స్ ఎంత పట్టుకున్నాడు, రోజూ రాత్రి రాసుకోండి. రాయడం రానోళ్లకు ముఠాలో చదువుకున్న చెల్లె రాసిపెట్టాలి, అది నీ పని చెల్లే. ఆటో ఎక్కేముందు మేస్త్రీని కూర్చోబెట్టి ఆ బుక్కులో సంతకం పెట్టించుకోండి. గూడెం చేరినాక మొదటి సంతకు పోకముందే బ్యాంకుకు పోండి. వానాకాలానికి ఎంత పక్కన పెట్టగలిగారో, ఎక్కడ చిక్కుపడ్డారో కింద రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తా.